లైబ్రరీ సెస్సు దండగ అంటున్న ఫార్వర్డ్‌లో ఏ మాట ఎంత నిజం

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఒక్కో గ్రూపులో ఒక్కో రకంగా కనిపిస్తున్నా సారాంశం ఒకటే: "గ్రంథాలయాలు తెల్లదొరలు మనకు అంటగట్టిన అలవాటు. వాళ్ళ సర్కారే కట్టించింది. ఇప్పుడు వాటి గడప తొక్కేవాడే లేడు. అయినా ఇంటి పన్నుతో పాటు లైబ్రరీ సెస్సు గుంజుతున్నారు. పాత పుస్తకాలన్నీ పీడీఎఫ్‌లలో ఫ్రీగా ఉన్నాయి. మిగిలినవి స్కాన్ చేసేసి, కాగితం తూకానికి అమ్మి, ఆ భవనాలు పనికొచ్చే పనికి వాడాలి."

ఇందులో అయిదు మాటలున్నాయి. ఒకటి మాత్రం సగం నిజం. అది ఎక్కడుందో వచ్చినప్పుడు చెప్పుకుందాం.

"తెల్లదొరల అలవాటు, వాళ్ళ సర్కారే కట్టించింది"

ఇంగ్లండు తన జనం కోసం పౌర గ్రంథాలయాల చట్టం చేసుకున్నది 1850లో. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఇక్కడ రాజ్యం చేసినా మద్రాసు రాష్ట్రానికి మాత్రం అలాంటి చట్టం చేయలేదు. అది వచ్చింది స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో. హైదరాబాదు రాష్ట్ర చట్టం 1955లో, రెండింటినీ కలిపిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చాయి. తెలంగాణలోనూ ఇప్పుడు నడుస్తున్నది ఆ 1960 చట్టమే. కాబట్టి "వాళ్ళ సర్కారే కట్టించింది" అన్నది మన ఊళ్ళ విషయంలో సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది.

మరి ఎవరు కట్టించారు? విశాఖపట్నంలో 1886లో మంతెన ఆదినారాయణమూర్తి అనే బడిపంతులు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెనక నిలబడ్డారు. అప్పటికి పదేళ్ళ కిందటే, 1891లో, ఆసఫియా గ్రంథాలయం ఉంది, అది నిజాం సర్కారుది. కానీ పాలనా, పై చదువులూ ఉర్దూలో సాగే రాజ్యంలో తెలుగు పుస్తకానికి చోటు కావాలంటే తెలుగువాళ్ళే జేబులో చెయ్యి పెట్టాల్సి వచ్చింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం అలా పుట్టినవే. ఆ పేర్లలో "భాషా" అన్న మాట ఊరికే పడలేదు. సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలనే నిజాం సర్కారు ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53, వచ్చాక, నలుగురు తెలుగువాళ్ళు కూర్చుని మాట్లాడుకోగల కొద్ది చోట్లలో పఠన మందిరం ఒకటైంది.

కోస్తాలో 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. పరుగులు పెట్టి జరిపించినది అయ్యంకి వెంకట రమణయ్య. దేశంలో ఒక ప్రాంతపు గ్రంథాలయాలన్నీ కలిసి సంఘం పెట్టుకోవడంలో తెలుగువాళ్ళు అందరికంటే ముందున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. అది పట్టణం కాదు, నేత పని ఊరు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. అప్పట్లో డెల్టా ప్రయాణాలు పడవల మీదే. కాలువ గట్టున ఊళ్ళకు పుస్తకం చేరాలన్నా, పడవెక్కిన మనిషికి ఆ కాసేపట్లో చదువు దొరకాలన్నా అదే దారి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్ళు వయోజన విద్యను గ్రంథాలయాలతో ముడిపెట్టారు: చదువు రానివాడికి చదివి వినిపించడం కూడా గ్రంథాలయం పనేనన్నారు.

ఇక "అలవాటు" సంగతి. ఈ మెసేజ్‌కి కోపంతో కొందరు పంపుతున్న జవాబు మెసేజ్ ఇంకోటుంది: "వేల ఏళ్ళ కిందటే మనకు ఊరూరా లైబ్రరీలున్నాయి" అని. అదీ తప్పే. పుస్తక భాండాగారాలు ఉన్న మాట నిజం. కల్యాణి చాళుక్యుల నాటి నాగాయి శాసనం 1058 నాటిది. ఇప్పుడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. అక్కడి విద్యాస్థానంలో ఆరుగురు సరస్వతీ భాండారికులు ఉన్నారని అందులో చెక్కారు. అంటే ఒక్క విద్యాలయానికి ఆరుగురు లైబ్రేరియన్లు. ఇవాళ మన జిల్లాల్లో ఎన్ని శాఖలకు ఒక్క పూర్తి స్థాయి గ్రంథపాలకుడు ఉన్నాడో చూస్తే ఆ అంకె విలువ తెలుస్తుంది. తిరుమల గుడిలో తాళ్ళపాక వారి సంకీర్తనల రాగిరేకులు దాచిన అర ఒక భాండారమే. తంజావూరు సరస్వతీ మహల్ తెలుగు నాయక రాజుల కాలంలో మొదలై మరాఠా రాజుల కాలంలో పెరిగింది.

కానీ ఇవి రాజుకో గుడికో మఠానికో చెందినవి. ఎవరుబడితే వాళ్ళు లోపలికొచ్చి చేతిలోకి తీసుకునే వీలు లేదు. కులం, లింగం, విద్య అన్నీ అడ్డే. దానికి తోడు తాటాకు స్వభావం ఒకటుంది. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి, గంటంతో గీసి, గీతల్లో దీపపు మసి పట్టించి, కంతల్లోంచి తాడు పోసి, రెండు చెక్కల మధ్య కట్టాలి. మన ఉక్కపోతలో, పురుగులో అది మహా అయితే కొన్ని వందల ఏళ్ళు నిలుస్తుంది. ఆలోపు మరో చెయ్యి దాన్ని ఎత్తిరాయాలి. రాయకపోతే గ్రంథమే పోతుంది. లేఖకులు ప్రతి చివర రాసుకునే శ్లోకంలో పుస్తకమే మాట్లాడుతుంది: నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని. ఇవ్వకూడదన్నది ఆ భాండారాల నియమం. అందరికీ ఇవ్వాలన్నది పౌర గ్రంథాలయం నియమం. ఈ రెండోది కొత్తది, పంతొమ్మిదో శతాబ్ది చివర నుంచి మనవాళ్ళు చందాలెత్తి తెచ్చుకున్నది.

"సెస్సు గుంజుతున్నారు, దండగ"

1960 చట్టం ప్రకారం ఇప్పుడు ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పన్ను 5,000 అయితే సెస్సు 400. రసీదులో విడిగా గీత ఉంటుంది, చూడండి. దాన్ని వసూలు చేసేది పంచాయతీ, మునిసిపాలిటీ లేదా కార్పొరేషన్. చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. చట్టం ఆ డబ్బును గ్రంథాలయ నిధికే కట్టేసింది. సెస్సు ఎత్తేస్తే ఆ 400 రోడ్డుకో ఆసుపత్రికో పోదు.

అసలు రోగం వేరే చోట ఉంది. వసూలు చేసే సంస్థ వేరు, ఖర్చు పెట్టే సంస్థ వేరు. మునిసిపాలిటీ ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మొదట ఆగిపోయేది గ్రంథాలయ సంస్థకు పంపాల్సిన వాటా. జనం నుంచి వసూలైపోతుంది, బకాయిగా కాగితం మీద మిగులుతుంది. బకాయి పేరుకుంటే ముందు కోత పడేది పుస్తకాల కొనుగోలు మీద. కరెంటు బిల్లూ జీతమూ ఆపలేరు గదా. కొత్త పుస్తకం రాదు, పాఠకుడు రెండుసార్లు వచ్చి మూడోసారి రాడు. అప్పుడు ఈ మెసేజ్ పుడుతుంది.

సెస్సు మీద కోపం ఉంటే దాన్ని పనికొచ్చే చోట చూపించవచ్చు. మీ మునిసిపాలిటీకి సమాచార హక్కు కింద మూడే ప్రశ్నలు పెట్టండి: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏటేటా గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు, ఇప్పటికి బకాయి ఎంత. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "సెస్సు ఎలా వాడారు" అని మాత్రం అడగొద్దు. వాడేది వాళ్ళు కాదు కాబట్టి "మా పరిధి కాదు" అని తిప్పి పంపేస్తారు.

"గడప తొక్కేవాడే లేడు"

సగం నిజం అన్నది ఇదే. చాలా గ్రామీణ శాఖల్లో, పుస్తక నిక్షిప్త కేంద్రాల్లో (చిన్న ఊళ్ళలో కొన్ని పుస్తకాలు ఉంచే చోట్లు) రోజుకు పదిమంది కూడా రారు. ఒకే మనిషికి రెండు శాఖలు అప్పగిస్తే ఏదో ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది. తాళం వేసిన గదికి జనం రావడం లేదనడం న్యాయం కాదు.

ఇక జిల్లా కేంద్రాల్లో, హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పరిస్థితి తలకిందులు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాల అభ్యర్థులతో కుర్చీ దొరకదు. అయితే వీళ్ళు లెక్కల్లో సరిగ్గా కనబడరు. గ్రంథాలయం వాడకాన్ని రెండు రకాలుగా లెక్కిస్తారు: గేటు దగ్గర రిజిస్టరులో పడ్డ సంతకాలు, ఇంటికి ఇచ్చిన పుస్తకాలు. సొంత పుస్తకం తెచ్చుకుని పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువుకునేవాడు రెండో లెక్కలో సున్నా. "పుస్తకాలు తీసుకోవడం తగ్గింది" అన్న అంకెను "జనం రావడం తగ్గింది" అని చదివితే వచ్చే పొరపాటు ఇది. ఫ్యాను, దీపం, బల్ల, నిశ్శబ్దం ఇంట్లో లేనివాడికి అవి దొరికే చోటు ఇంకోటి చూపించి అప్పుడు మూసెయ్యమనండి.

"అన్నీ పీడీఎఫ్‌లలో ఉన్నాయి"

అన్నిటికంటే ఎక్కువ మంది నమ్ముతున్న మాట ఇదే. కాస్త నిదానంగా చూద్దాం.

నెట్లో దొరికే ఏదైనా పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ తెరవండి. మొదటి నాలుగు పేజీలు తిప్పండి. లోపలి అట్ట మీదో, ముఖపత్రం మీదో వంకాయరంగు సిరాతో కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర కనిపిస్తుంది. దాని పక్కన చేత్తో రాసిన ఒక అంకె, అది పరిగ్రహణ సంఖ్య, అంటే పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు ఇచ్చే వరస అంకె. అదే అంకె లోపల ఏదో ఒక పేజీ అడుగున మళ్ళీ ఉంటుంది. ముఖపత్రం చింపేసినా పుస్తకం ఎవరిదో తెలియాలని అలా రెండో చోట వేస్తారు. పేజీల నిండా గుండుసూది తల అంత నల్ల చుక్కలు వరసగా ఉంటే అవి పురుగు తొలిచిన కంతలు. అంటే మీరు ఫోన్లో చదువుతున్నది ఒక గ్రంథాలయపు బీరువాలో దశాబ్దాల పాటు నిలిచిన ప్రతినే. ఆ బీరువా లేకపోతే ఈ పీడీఎఫ్ లేదు.

ఇవన్నీ ఎక్కువగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ అయినవి. ఆ పని చేసిన మేలు చిన్నది కాదు. కానీ అందులో జరిగిన తప్పులు తెలిస్తే కాగితం ప్రతిని పారెయ్యమని ఎవరూ అనరు.

మొదటిది తెలుపు-నలుపు స్కానింగు. డెమీ సైజు పేజీని, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉన్నదాన్ని, అంగుళానికి 300 చుక్కల చొప్పున తీస్తే ఒక్క పేజీకి 42 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు 256 బూడిద ఛాయలు ఉంచితే, కుదించకముందు 300 పేజీల పుస్తకం సుమారు 1.26 జీబీ. ఒక్కో చుక్కను నలుపో తెలుపో తేల్చేస్తే అందులో ఎనిమిదో వంతు, 160 ఎంబీ లోపు. నిల్వ ఖరీదైన రోజుల్లో రెండో దారి పట్టారు. ఇంగ్లీషు పుస్తకానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. తెలుగుకు ఉంది. ద కింద చిన్న గీత పెడితే ధ. దాని లోపల చుక్క కూడా ఉంటే థ. అరిగిన సీసపు అక్షరంతో, పలచటి సిరాతో అచ్చయిన ఆ చుక్క బూడిద రంగులో ఉంటుంది. యంత్రం దాన్ని తెలుపు కింద తోసేస్తే "కథ" కాస్తా "కధ" అవుతుంది. ప, ఫ, ష మధ్య తేడాలూ అంతే. అరసున్నా కాగితం మరకతో కలిసి పోతుంది, లేదా మరకే అరసున్నా అయి కూర్చుంటుంది. పాఠ పరిష్కారం చేసేవాడికి, అంటే పాత ప్రతులు పోల్చి సరైన పాఠం తేల్చేవాడికి, ఇది ప్రాణాంతకం. నిజం తేల్చాలంటే మళ్ళీ ఆ కాగితం దగ్గరికే పోవాలి.

రెండోది తప్పిపోయిన పేజీలు. రెండు పేజీలు అంటుకుంటే ఒక విప్పు మొత్తం దాటిపోతుంది. బిగుతు కుట్టు ఉన్న పుస్తకంలో లోపలి అంచు మాటలు సగం మరుగున పడతాయి. మడతపెట్టిన పటాలూ పట్టికలూ విప్పకుండానే స్కాన్ చేసినవి ఉన్నాయి.

మూడోది పేర్లు. పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. "ఆంధ్ర" అన్న ఒక్క మాటకే నాలుగైదు రకాల వర్ణక్రమాలు తగులుతాయి. పైగా మన పేర్లలో ఇంటిపేరు ముందు. గ్రంథాలయ సూచికలో అయ్యంకి వెంకట రమణయ్యను "అయ్యంకి" కింద వెతకాలి. చివరి మాటే ఇంటిపేరు అనుకునే పద్ధతిలో ఎక్కిస్తే ఆయన "రమణయ్య" కింద, ఇంకో వందమంది రమణయ్యల మధ్య తేలతాడు. ఉన్నా దొరకని పుస్తకం లేనట్టే. ఒక మామూలు శాఖా గ్రంథాలయంలో తెలుగు సాహిత్యమంతా 894.827 అనే వర్గీకరణ అంకె కింద ఒకే వరసలో ఉంటుంది. నడుచుకుంటూ పోతే మీరు వెతకనిది కూడా చేతికి తగులుతుంది.

నాలుగోది ఇంకా మోటైనది. ఆ పథకం వెబ్‌సైటు ఒకనాడు ఆగిపోయింది. ఇవాళ ఆ పుస్తకాలు దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత నెట్ భాండారానికి ముందే ఎవరో ఎక్కించి పెట్టడం వల్ల. సర్వరుకు బిల్లు కట్టేవాడు ఒక్కడే ఉంటే, వాడు మానేసిన రోజే అన్నీ ఒకేసారి పోతాయి. పుస్తకాలు అలా పోవు. వేటపాలెంలో చెదలు పడితే హనుమకొండలో ప్రతి ఉంటుంది.

ఇక "అన్నీ" అన్న మాట. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి; ఆ లెక్క మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతుంది. 1970లో పోయిన రచయిత పుస్తకం 2031 జనవరి 1న గానీ అందరిదీ కాదు. అంటే ఇరవయ్యో శతాబ్దం రెండో సగం తెలుగు రచన దాదాపు అంతా నెట్లో ఊరికే పెట్టడానికి వీల్లేనిది. అందులో ఎక్కువ భాగం అచ్చులో కూడా లేదు. దాన్ని దొంగతనం లేకుండా ఉచితంగా చదివించగలిగేది గ్రంథాలయం ఒక్కటే. కాపీరైటు చట్టం 52వ సెక్షను లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయాలకు రెండు వెసులుబాట్లు ఇచ్చింది. అమ్మకంలో లేని పుస్తకానికి తమ అవసరం కోసం మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చు. భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసుకోవచ్చు, కానీ తమ దగ్గర కాగితం ప్రతి ఉంటేనే. తూకానికి అమ్మేస్తే ఆ వెసులుబాటుకు ఆధారమే పోతుంది.

"ఎక్కడో ఒక ప్రతి ఉంటుందిలే" అనేవాళ్ళకు ఇంకో లెక్క. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ 30 రోజుల్లోగా నాలుగు గ్రంథాలయాలకు పంపాలి: కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, తర్వాత ముంబైలో ఒకటి, ఢిల్లీలో ఒకటి. నాలుగింటిలో ఒక్కటి కూడా తెలుగు రాష్ట్రాల్లో లేదు. సొంత ఖర్చుతో అయిదు వందల ప్రతులు వేసుకునే మన కవులూ కథకుల్లో ఈ చట్టం ఉందని తెలిసినవాళ్ళే తక్కువ. ఆ పుస్తకాలు మిగిలితే గిగిలితే జిల్లా గ్రంథాలయంలోనే.

"స్కాన్ చేసి తూకానికి అమ్మేయాలి"

పాత కాగితం ఎందుకు పెళుసవుతుందో తెలియక చెబుతున్న మాట ఇది. పంతొమ్మిదో శతాబ్ది నడుమ నుంచి కాగితం కొయ్య గుజ్జుతో చేయడం మొదలైంది. సిరా పాకకుండా పటిక కలిపారు. ఆ ఆమ్లం లోపలి నారను మెల్లగా కొరుకుతుంది. మూల ఒకసారి ఇటూ ఒకసారి అటూ మడిస్తే తెగిందంటే ఆ పుస్తకం బల్లపరుపు స్కానరు మీద బోర్లా నొక్కడానికి పనికిరాదు. ఎదురెదురుగా వాలుగా పెట్టిన రెండు చెక్కల మధ్య పూర్తిగా విప్పకుండా ఉంచి, పై నుంచి కెమెరాతో తీయాలి. వేగంగా కావాలని వీపు కోసి విడి కాగితాలుగా యంత్రంలో తోస్తే, అది స్కానింగు కాదు, ఆఖరి చూపు.

ఇంట్లో తాతగారి పుస్తకాలున్నవాళ్ళు నిజంగా స్కాన్ చేయాలనుకుంటే ఇలా చేయండి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి. పదేళ్ళలో జిగురు పసుపు మరకై అక్షరాన్ని మింగేస్తుంది. బైండరు కలిపే మైదా జిగురులో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉందో లేదో అడగండి, లేకపోతే అది పురుగుకు పెట్టిన విందు. నాఫ్తలీన్ ఉండలు పురుగును తరుముతాయే గానీ గుడ్లను చంపవు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. కోస్తాలో వానాకాలమంతా అంతే, కాబట్టి బీరువాను గోడకు జానెడు ఎడంగా పెట్టండి. స్కాను అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా, బూడిద ఛాయల్లో తీయండి, తెలుపు-నలుపులో వద్దు. అయ్యాక పేజీ అంకెలు ఒకటి నుంచి చివరిదాకా లెక్క చూసుకోండి. ఫైలుకు పేరు తెలుగు లిపిలో పెట్టండి: ఇంటిపేరు, పేరు, పుస్తకం, ముద్రణ సంవత్సరం. ముఖపత్రం వెనక పక్కను వదలకండి. ప్రెస్సు పేరు, ఊరు, ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఎన్ని అణాలు అన్నీ ఉండేది ఆ వెనక పక్కనే. ఖాళీ పేజీ అనుకుని మామూలుగా అందరూ వదిలేసేదీ దాన్నే.